వెన్నగదిలో బంతులు

1949 జూలై 17, ఆదివారం

గెలిచాం. నాలుగు–మూడు. చేతికి చెమట పట్టింది, బంతి జారింది. అంతే.

జూలై 18, సోమవారం

అంతే అని నిన్న రాశాను. అంతే అయితే ఈ పుస్తకం ఇవాళ మళ్ళీ ఎందుకు తీసినట్టు?

విత్తనాల కంపెనీవాడు ఊరికే ఇచ్చిన పుస్తకం ఇది. ప్రతి పేజీ మూలా ఒక మొక్కజొన్న కండె బొమ్మ పళ్ళికిలించి నవ్వుతూ ఉంటుంది. ఇన్నాళ్ళూ ఇందులో వానలూ, ఆదివారం బేస్‌బాల్ ఆటలో ఎన్ని పరుగులు వచ్చాయో మాత్రమే రాసేవాణ్ణి. ఇప్పుడు పాలకేంద్రంలో ఉప్పు బస్తాల వెనక దాచాను. ఆల్బీనా ఉప్పు బస్తాలు ఎత్తలేదు. ఎత్తగలిగిందంటే నా పని అయిపోయినట్టే, పెళ్ళాం కళ్ళు అలాంటివి.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎనిమిదో ఇన్నింగ్స్. హెగ్దాల్ ఊరివాళ్ళ బ్యాటింగు. ఆర్విడ్ తోర్సన్ వచ్చి, బ్యాటు పట్టేవాడు నిలబడే చోట నేలలో పాతిన పలక పక్కన నిలబడ్డాడు. అందరికంటే గట్టిగా కొట్టేవాడు వాడే. నేను వేసిన రెండు బంతుల్ని పక్క గీత అవతలికి, మొక్కజొన్న చేలోకి కొట్టాడు. అంపైర్ గుస్తావ్ కొత్త బంతి అడిగాడు. కొత్త బంతి నేనే వెళ్ళి తెచ్చుకోవాలి, ఇంకెవరైనా తెస్తే నాకు అచ్చిరాదు. ఇది ఊరందరికీ తెలుసు. వెళ్ళి తెచ్చాను. గుస్తావ్ చేతికిచ్చాను, వాడు చూసి తిరిగిచ్చాడు. బంతి విసిరే దిబ్బ ఎక్కాను. గాలి లేదు. చెరువులో దిగిన ఆవులు మధ్యాహ్నం నుంచీ బయటికి రాలేదు, అంత ఉక్క. చేతికి చెమట పట్టింది. బంతి జారి ఆర్విడ్ ఎడమ కణతకి తగిలింది. వాడి గుడ్డ టోపీ పైకి లేచి గిర్రున తిరిగింది.

చప్పుడు గురించి రాయను.

వాడు పడ్డాడు. నాటకమనుకున్నాను. నేనైతే అలాగే ఆడేవాణ్ణి మరి. “లేవయ్యా ఆర్విడ్, ఆవులు పాలకొచ్చాయి!” అని అరిచాను. మా ఊరంతా ఘొల్లున నవ్వింది. అప్పుడు బెంచీల మీంచి వాడి పెళ్ళాం సోల్వే పరుగెత్తుకొచ్చింది, ఒక కాలికే చెప్పుంది. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

వాణ్ణి ట్రక్కులో వేసుకుని వెళ్ళాక ఆట మళ్ళీ మొదలైంది. మిగిలినవాళ్ళందర్నీ నేనే అవుట్ చేశాను. అదే బంతితో.

ఇరవై ఏడేళ్ళ నుంచి విసురుతున్నాను. పదిహేడో ఏట మా లూకా ఊరి జట్టు చొక్కా తొడుక్కున్నాను. ఒక వేసవి రైల్వేవాళ్ళ జట్టు డబ్బిచ్చి మరీ ఆడించుకుంది. ఒక వసంతంలో పెద్ద లీగువాళ్ళ తరఫున ఒక పెద్దమనిషి వచ్చి చూసి, “వీడి చెయ్యి మంచిదే, నోరే మంచిది కాదు” అని చెప్పి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఆరు రోజులు వెన్న తీయడం, ఏడో రోజు బంతి విసరడం. ఇన్నేళ్ళలో నలభై మందికైనా నా బంతి తగిలుంటుంది. అందరూ లేచారు, రుద్దుకున్నారు, నా తల్లిని తిట్టారు, ఆడుకున్నారు.

అందరూ లేచారు.

జూలై 19, మంగళవారం

తెలివి రాలేదట.

పొద్దున లెస్టర్ దుకాణం మీదుగా వెళ్ళాను. లెస్టర్ మారెక్ మా క్యాచర్. పన్నెండేళ్ళుగా నా ప్రతి బంతీ పట్టింది వాడే. మిగతా ఆరు రోజులూ శవపేటికలు చేస్తాడు. ఇవాళ ఒక పేటికకి పాలిష్ పెడుతున్నాడు.

“ఎవరికిరా అది?”

“పాషెక్ ముసలమ్మకి. రాత్రి పోయింది. నీకెందుకు, కొలత ఇస్తావా?”

పాషెక్ ముసలమ్మ నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన మనిషి. ఆవిడ పోయినందుకు, ఆ పెట్టె ఆవిడదైనందుకు, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఇలాంటివాణ్ణి నేను.

జూలై 21, గురువారం

తెలివొచ్చింది! మంచినీళ్ళు అడిగాడట. పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచాడట.

పాలకేంద్రంలో ఒక్కణ్ణే గంతులేశాను. మధ్యాహ్నం లెస్టర్ శవాల బండి ఇంజను మీద కంపు జున్ను ముక్క ఒకటి పెట్టాను. బండి వేడెక్కేసరికి లెస్టర్ రోడ్డు మధ్య ఆపి, పెట్టెలో ఉన్న పాషెక్ ముసలమ్మ వైపు ఒకసారి చూసి, ముక్కు మూసుకుని దిగిపోయాడు. ముసలమ్మ చూసుంటే అందరికంటే ముందు నవ్వేది.

భయం పోయింది. చేతి చెమటే. ఎవరికైనా పడుతుంది.

జూలై 24, ఆదివారం

ఓడిపోయాం. పదకొండు–రెండు.

ఒక్క బంతీ లోపలికి, ఆటగాడి ఒంటి వైపు, వేయలేకపోయాను. బ్యాటు పట్టుకున్నవాడి కణత తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు. ప్రతివాడికీ ఒక కణత ఉంది. అంతా బయటికే విసిరాను. వాళ్ళు ఊరికే నిలబడి, నాలుగేసి బయటి బంతులకి ఉచితంగా దక్కే మొదటి బేస్‌కి నవ్వుకుంటూ నడిచి వెళ్ళారు. మూడో ఇన్నింగ్స్‌లో లెస్టర్ మొహం మీది ఇనుప ముసుగు తీసి దిబ్బ దగ్గరికొచ్చాడు.

“ఏమైందిరా నీకు? పలక ఇక్కడుంది, నువ్వు పక్క ఊరికి వేస్తున్నావు.”

“భుజం పట్టేసింది.”

“భుజమా, పిరికితనమా?”

“ముసుగు పెట్టుకోరా, నీ మొహం చూస్తే బంతి కూడా భయపడుతోంది.”

వాడు నవ్వలేదు. “వెన్స్, ఆర్విడ్ లేచాడుగా. ఇంకేంటి?” అన్నాడు.

ఇంకేంటో వాడికి చెప్పలేదు.

జూలై 26

వెన్నగదిలో ఇంకా రెండున్నాయి. తీసెయ్యాలి.

జూలై 27

తీయలేదు. తలుపు తెరిచి మళ్ళీ మూశాను.

జూలై 28, గురువారం

ఆల్బీనా గసగసాల బన్నులు చేసింది. “నీ చేత్తో దెబ్బ తగిలింది, నీ చేత్తోనే ఇచ్చి రావాలి” అంది. హెగ్దాల్ ఆసుపత్రికి ఇరవై ఎనిమిది మైళ్ళు. దారంతా ఆవిడే మాట్లాడింది.

ఆర్విడ్ తల చుట్టూ కట్టు. ఎడమ కన్ను ఊదారంగు. నన్ను చూసి లేచి కూర్చోబోయాడు.

“వచ్చాడే లూకా ముసలి నక్క! బన్నుల్లో ఏం పెట్టావయ్యా? సబ్బా, మిరపపొడా?”

“నీకు సబ్బే కావాలి, హెగ్దాల్‌లో స్నానాలు తక్కువటగా” అన్నాను. నోరు దాని పని అది చేసుకుపోతుంది.

వాడు బన్ను కొరికి నమిలాడు. అంత మంచివాణ్ణి కొట్టినందుకైనా నాకు ఏదో ఒకటి అవాలి.

“ఒక్కటే అర్థం కావట్లేదు వెన్స్. బంతి చల్లగా తగిలింది.”

“చల్లగానా?”

“మంచుగడ్డ పెట్టి కొట్టినట్టు. అంత ఎండలో! కింద పడేముందు నాకు తెలిసింది అదొక్కటే. చల్లగా, తడిగా.”

సోల్వే గభాల్న వాడి చెయ్యి పట్టుకుంది. “ఆ మాట ఎత్తొద్దన్నానా?”

“తగిలింది తగిలినట్టు చెప్తాను. లేనిది ఎలా చెప్పనే?”

బయట వరండాలో సోల్వే ఆల్బీనాతో చెప్పింది. డాక్టరుకి ఆ చలి మాటే నచ్చలేదట. తలనొప్పి తగ్గుతుంది, కంటి నలుపూ తగ్గుతుంది, కానీ ఎండలో వచ్చిన బంతి చల్లగా ఉందంటున్నాడంటే స్పర్శ తెలిసే చోట లోపల ఏదో నొక్కుకుంటోందని ఆయన అనుమానం. వారం చూస్తాడు. అప్పటికీ ఆ మాటే అంటుంటే పుర్రె తెరిచి చూస్తాడు.

“చల్లగా లేదని ఒక్క అబద్ధం చెప్పమన్నాను వదినా. ఇంటికి పంపేస్తారని. వినడే! రోజూ డాక్టరు అడుగుతాడు, రోజూ ఈయన అదే చెప్తాడు. ఇప్పుడు ఈయనకే అనుమానం పట్టుకుంది. ‘సోల్వే, నాకు మతి చలించిందేమో’ అంటున్నాడు.”

నేను పక్కనే ఉన్నాను. టోపీ చేతిలో తిప్పుతూ ఉన్నాను.

“దెబ్బ తగిలితే అందరికీ అలాగే అనిపిస్తుందిలేమ్మా” అన్నాను.

ఆవిడ నావైపు ఎంత ఆశగా చూసిందో! “నిజంగానా?” అంది.

“నిజంగా” అన్నాను.

జూలై 29

చేతికే చెమట పట్టింది.

జూలై 30

చేతికే.

జూలై 31, ఆదివారం

భుజం నొప్పని చెప్పి బెంచీ మీద కూర్చున్నాను. ఆల్బీనా తెచ్చిన మందు అందరి ముందూ భుజానికి రాసుకున్నాను. ఏ నొప్పీ లేని భుజం మీద ఆ మందు మంట ఎలా ఉంటుందో ఎవరికైనా చెప్పుకోవడానికైనా లేదు.

ఆగస్టు 2, మంగళవారం

మా టెలిఫోను తీగ మీద ఎనిమిది ఇళ్ళు. ఎవరింట గంట మోగినా ఎనిమిది ఇళ్ళవాళ్ళూ చెవికి పెట్టుకుంటారు, పెట్టుకోలేదని అందరూ అంటారు. ఆల్బీనా అయితే వింటూ బంగాళాదుంపలు కూడా తరుగుతుంది. ఇవాళ భోజనం మధ్యలో విని, పెట్టేసి, కత్తి కింద పెట్టింది.

“శుక్రవారం పొద్దున తెరుస్తారట. తల గొరిగేస్తారట. సోల్వే పాస్టరుగారికి కబురు పంపింది.”

“ఎవరికి?”

“ఎవరికేమిటయ్యా! ఆర్విడ్‌కి.”

అడక్కపోయినా నాకు తెలుసు.

ఇప్పుడు పాలకేంద్రంలో కూర్చుని రాస్తున్నాను. మొక్కజొన్న కండె నవ్వుతోంది. నవ్వు నవ్వు.

చేతికి చెమట పట్టలేదు. బంతికి పట్టింది.

చలికి బిగుసుకుపోయిన బంతి ఎంత గట్టిగా కొట్టినా ఎగరదు. రెండేళ్ళ కిందట నా చేతిలో వేగం పూర్తిగా చచ్చిపోయింది. ఎవరికీ చెప్పలేదు. మంచుగడ్డలతో చల్లగా ఉంచే వెన్నగది తాళం నా దగ్గరే ఉంటుంది. గురువారం నాడు కొత్త బంతులు కొన్ని వెన్న తొట్ల మధ్య పెడతాను. ఆదివారం పొద్దున మీగడ క్యానులో గడ్డి వేసి, వాటిని అందులో పెట్టి, నా బెంచీ కింద ఉంచుకుంటాను. అవతలివాళ్ళు బ్యాటు పట్టినప్పుడు కొత్త బంతి కావాలంటే ఆ క్యానులోంచి తెస్తాను. మావాళ్ళు పట్టినప్పుడు ఇంకో క్యానులోంచి. అచ్చిరావడమూ లేదు, పాడూ లేదు, అదీ నేను కల్పించిందే. ఇంకొకణ్ణి ఆ క్యాను ముట్టుకోనిస్తానా? అవతలివాడు బ్యాటు బద్దలయ్యేలా కొడతాడు, బంతి చచ్చిన కప్పలాగా పడుతుంది, వాడు బ్యాటు వైపు అనుమానంగా చూసుకుంటాడు. ఆ చూపుకి రెండేళ్ళుగా లోపల్లోపల నవ్వుకుంటున్నాను. నా అల్లర్లన్నిట్లోకీ గొప్పది, ఎవరికీ తెలియనిది ఇదొక్కటే.

ఎప్పుడూ గుడ్డతో తుడిచి ఇచ్చేవాణ్ణి. ఆ రోజు తొందరలో తుడవలేదు. ఆ ఉక్కకి మంచినీళ్ళ గ్లాసుకి పట్టినట్టు బంతికి నీరు పట్టింది. వేలి కింద జారుతోందని దిబ్బ మీద ఉండగానే తెలిసింది. చొక్కాకి తుడుచుకోవచ్చు. తుడిస్తే చొక్కా మీద మరక పడుతుంది, గుస్తావ్ అడుగుతాడు. అందుకని విసిరాను.

రాశాను. రాసినంత మాత్రాన ఎవరికీ ఏమీ అవదు. వాడి తల శుక్రవారం తెరుస్తారు.

ఆగస్టు 3, బుధవారం

ముందు లెస్టర్‌కి చెప్పాను. అంతా చెప్పాను, క్యాను దగ్గర్నుంచీ. వాడు రంపం ఆపి చివరిదాకా విన్నాడు. విని, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

“వెన్నలోనా! ఒరేయ్, జున్ను కంటే ఇది బాగుంది. ఎవడి మీద ప్రయోగిద్దాం?”

“లెస్టర్, నిజంరా. మా అమ్మ మీద ఒట్టు.”

“మీ అమ్మ మీద ఒట్టేసే పోయినేడాది నా చేత గుడ్లు కొనిపించావు, లోపల సున్నం! పోరా, పనుంది.”

ఆల్బీనాకి చెప్పాను. ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. “ఎండలో తిరిగావా?”

అప్పుడు ఫోను తీశాను. ఆసుపత్రికి. ఎనిమిది ఇళ్ళూ వింటాయని తెలిసే తీశాను. వినాలనే తీశాను. చేతికి నిజంగానే చెమట పట్టింది. సోల్వేని పిలిపించారు.

“సోల్వే, నేను వెన్స్ హోరాక్‌ని. మీ ఆయన మతి బాగానే ఉంది. బంతి చల్లగానే ఉంది. వెన్నగదిలో మూడు రోజులు పెట్టిన బంతి అది. పెట్టింది నేనే.”

తీగ మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, “అబ్బ, ఈయన ఆగడు కదా!” అన్నారు. తర్వాత ఒకటి కాదు, నాలుగైదు నవ్వులు. నా ఊరివాళ్ళు. నా గొంతు వినగానే నవ్వడం ఇరవై ఏడేళ్ళుగా నేనే నేర్పాను.

ఆ నవ్వుల మధ్య సోల్వే ఊపిరి వినబడింది.

“మీ ఊళ్ళో దీని మీద కూడా నవ్వుతారా?” అంది. పెట్టేసింది.

ఆగస్టు 4, గురువారం

ఆసుపత్రికి వెళ్ళొచ్చాను.

మిగిలిన రెండు బంతుల్లో ఒకటి తీశాను. వెన్న చుట్టే కాగితంలో చుట్టి, మంచుగడ్డల మధ్య మీగడ క్యానులో పెట్టి, మూత బిగించి, ఒళ్ళో పెట్టుకుని బండి తోలాను. క్యాను చలికి తొడలు తిమ్మిరెక్కాయి. దారిలో రెండుసార్లు వెనక్కి తిప్పుదామనుకున్నాను. ఒకసారి తిప్పాను కూడా. అరమైలు వెళ్ళి మళ్ళీ తిప్పాను.

గదిలో డాక్టరూ ఉన్నాడు. పొట్టిమనిషి, చేతిలో సబ్బు నురుగు గిన్నె పట్టుకున్న నర్సుతో ఏదో చెప్తున్నాడు. ఆర్విడ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. సోల్వే నన్ను చూసి లేచింది.

“బయటికి నడు.”

“నడుస్తాను. ఒక్క నిమిషం. డాక్టరుగారూ, ఆయన్ని కళ్ళు మూసుకోమనండి.”

“ఎవరయ్యా నువ్వు?” అన్నాడు డాక్టరు.

“బంతి విసిరినవాణ్ణి.”

డాక్టరు నర్సుకేసి చూశాడు. నర్సు నురుగు గిన్నె కింద పెట్టింది.

ఆర్విడ్ ఇటు తిరిగాడు. మొహంలో ఏ నవ్వూ లేదు. “ఇంకేం మిగిలింది వెన్స్, ఎగతాళి చెయ్యడానికి?” అన్నాడు. అయినా కళ్ళు మూసుకున్నాడు. ఎందుకు మూసుకున్నాడో నాకు తెలియదు. నేనైతే మూసుకునేవాణ్ణి కాదు.

క్యాను మూత తీశాను. కాగితం విప్పాను. ఆ గది ఉక్కకి బంతి నా చేతిలోనే చెమర్చింది. దెబ్బ తగలని కుడి కణత మీద మెల్లగా ఆనించాను.

వాడి ఒళ్ళంతా ఒక్కసారి ఎగిరింది. నా మణికట్టు పట్టుకున్నాడు, ఎముక విరుగుతుందనుకున్నాను. వదలలేదు, తోసెయ్యలేదు. ఇంకా గట్టిగా కణతకి నొక్కుకున్నాడు.

“ఇదే” అన్నాడు. “ఇదే చలి. ఇదే తడి. సోల్వే! ఇదేనే! నాకేం పిచ్చి లేదే!”

కళ్ళు మూసుకునే ఏడ్చాడు. అంత పెద్ద మనిషి.

డాక్టరు బంతి తీసుకుని చూశాడు, వేళ్ళు మార్చి మార్చి పట్టుకున్నాడు. ఎన్నాళ్ళు పెట్టావు, ఎంత చలి, తుడిచావా, అన్నీ అడిగాడు. చెప్పాను. అన్నిటికీ చెప్పాను. ఆయన మొహంలో కోపం లేదు. నన్ను ఏదో పురుగుని చూసినట్టు చూశాడు, అంతే.

అప్పుడు సోల్వే ఆయన చేతిలోంచి బంతి తీసుకుంది. నా దగ్గరికొచ్చింది. మనిషి నా భుజం దాకా కూడా రాదు. కాలిమునివేళ్ళ మీద లేచి, ఆ బంతి నా ఎడమ కణత మీద పెట్టి నొక్కింది.

“ఎలా ఉంది?”

“చల్లగా ఉంది.”

“గట్టిగా చెప్పు. డాక్టరుగారు రాసుకోవాలి.”

“చల్లగా ఉంది.”

“మళ్ళీ చెప్పు.”

“చల్లగా ఉంది.”

తీయలేదు. నీళ్ళు నా దవడ మీంచి మెడలోకి కారాయి. మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు. పద్నాలుగు రోజులు వాళ్ళాయన చేత చెప్పించారుగా, అన్నిసార్లూ నా చేత చెప్పించింది. బంతిలో చలి చచ్చేదాకా చెప్పించింది. ఆ గదిలో ఎవరూ నవ్వలేదు.

ఆగస్టు 5, శుక్రవారం

తెరవలేదు. ఇంకో పది రోజులు చూస్తానన్నాడట డాక్టరు.

ఇప్పుడు ఇంకో భయం. లోపల నిజంగానే ఏదైనా ఉంటే? ఇవాళ తెరిస్తే బతికేవాణ్ణి, నా క్యాను తీసుకెళ్ళి నేను ఆపానేమో? ఒకే మనిషిని రెండుసార్లు కొట్టినవాణ్ణి అవుతానేమో?

ఆగస్టు 7, ఆదివారం

సోల్వే ఫోను చేసి మా తీగ మీద అందరికీ చెప్పిందట. ఆవిడ చెప్తే ఎవరూ నవ్వలేదట.

ఆటకి ముందు జట్టంతా బెంచీ చుట్టూ నిలబడింది. నా చొక్కా మడిచి లెస్టర్‌కిచ్చాను. వాడు తీసుకున్నాడు, నా మొహం చూడలేదు. గుస్తావ్ మాత్రం దగ్గరికొచ్చాడు.

“ఆ రోజు బంతి నా చేతికీ చల్లగానే తగిలింది వెన్స్. వయసు మీదపడింది, వేళ్ళలో రక్తం ఆడట్లేదనుకున్నా. మా ఆవిడకి చెప్పి భయపెట్టా కూడా.”

“క్షమించు గుస్తావ్.”

“ఇరవై రోజులుగా చేతికి ఉన్ని తొడుగు వేసుకుని పడుకుంటున్నానురా, ఆగస్టులో!”

అది తలుచుకుంటే ఇంకోసారైతే నవ్వేవాణ్ణి.

ఆగస్టు 10

కబురు లేదు. ఫోను మోగితే ఆల్బీనా తీసేలోపు నేను తోటలోకి వెళ్ళిపోతున్నాను.

ఆగస్టు 12

తలనొప్పి మళ్ళీ వచ్చిందట.

ఆగస్టు 13

ఏమీ రాయలేను.

ఆగస్టు 16, మంగళవారం

ఆర్విడ్ వాళ్ళింటికి వచ్చేశాడట. నడిచి వచ్చాడు. సాయంత్రం పాలు కూడా తనే పిండాడట.

వెన్నగదిలో మిగిలిన ఆఖరి బంతి తీసి బాయిలరులో వేశాను. తోలు కాలిన వాసన రోజంతా వెన్నకి పట్టుకుంది.

1950 మే 21, ఆదివారం

తొమ్మిది నెలలైంది. పాత పుస్తకంలోనే రాస్తున్నాను, పేజీలు మిగిలాయి. ఆదివారాలు మధ్యాహ్నం పాలకేంద్రంలో ఒక్కణ్ణే ఉంటున్నాను. మైదానం కేకలు అక్కడిదాకా వినబడవు.

ఇవాళ హెగ్దాల్ ట్రక్కు వచ్చి వాకిట్లో ఆగింది. ఆర్విడ్ దిగాడు. ఒక చేతిలో బ్యాటు, ఒక చేతిలో బంతి. సోల్వే స్టీరింగు ముందే కూర్చుంది, ఇంజను ఆపలేదు, నా వైపు చూడలేదు.

“వచ్చే ఆదివారం నుంచి ఆడుతున్నాను” అన్నాడు ఆర్విడ్. “అంతకు ముందు నువ్వు నాకు వెయ్యాలి. లోపలికి, పైకి. అక్కడికే.”

“నేను మానేశాను. చెయ్యి లేదు.”

“చెయ్యి లేకపోవడం నాకు మంచిదేగా.”

“ఆర్విడ్, నావల్ల కాదు.”

“నావల్లా కావట్లేదు వెన్స్. చలికాలమంతా కొట్టాంలో మా తమ్ముడి చేత వేయించుకున్నాను. బంతి లోపలికి రాగానే కళ్ళు మూసుకుపోతున్నాయి. చల్లగా తగులుతుందనిపిస్తోంది. వేసింది నువ్వు, తీయాల్సిందీ నువ్వే.”

పాలకేంద్రం వెనక ఓట్స్ చేను పక్కన అడుగులు లెక్కపెట్టాం. వాడు ఖాళీ క్యాను మూతని పలకలాగా పరిచాడు. అదే గుడ్డ టోపీ. బంతి నా చేతికిచ్చాడు. అది మామూలుగానే ఉంది, ఎండలో వచ్చిన బంతిలాగే. అయినా చంకలో పెట్టుకుని గట్టిగా నొక్కి నిలబడ్డాను. వాడు తొందరపెట్టలేదు. తర్వాత చొక్కాకి ముందూ వెనకా తుడిచాను. చెయ్యి తుడిచాను. మళ్ళీ బంతి తుడిచాను.

మొదటిది గజం బయటికి పోయింది.

“ఇరవై ఎనిమిది మైళ్ళు దీనికోసం రాలేదు ముసలి నక్కా!”

ఆ మాటకి కాస్త ఊపిరాడింది. రెండోదానికి వాడి కణత తప్ప ఏమీ కనబడలేదు. మచ్చ తెల్లగా, నాణెమంత. ఇంజను చప్పుడు వినబడుతోంది. వెయ్యకపోతే వాడు వెళ్ళిపోతాడు, ఎప్పటికీ కళ్ళు మూసుకుంటూనే ఉంటాడు. వేస్తే...

వేశాను. లోపలికి. పైకి. అక్కడికే.

వాడు కళ్ళు మూసుకోలేదు. నేను మూసుకున్నాను. చప్పుడైంది.

ఈ చప్పుడు గురించి రాస్తాను. పొడిగా, ఠక్కుమంది, కట్టె మీద. కళ్ళు తెరిచేసరికి బంతి పాలకేంద్రం పొగగొట్టం కంటే ఎత్తున ఉంది, ఇంకా పైకి పోతోంది. వెచ్చటి బంతి ఎంత దూరం పోతుందో నేను మర్చిపోయాను. ఓట్స్ చేను దాటింది, కంచె దాటింది, అవతల ఎక్కడ పడిందో ఇద్దరికీ కనబడలేదు.

సోల్వే ఇంజను ఆపేసింది.

“ఇంకొకటి” అన్నాడు ఆర్విడ్.

“ఇంకొకటి లేదయ్యా.”

“అయితే వెతుకు.”

కంచె దాటి వెళ్ళి, గడ్డిలో మోకాళ్ళ మీద పాకుతూ చేతులతో తడిమి వెతుకుతున్నాను. ట్రక్కు తలుపు చప్పుడు, తర్వాత అడుగుల చప్పుడు. సోల్వే వచ్చి నాకు నాలుగు గజాల దూరంలో వంగింది. తనూ వెతకడం మొదలెట్టింది.